రోజర్ కూతురు మాబెల్ ముద్ర

మా ఆయన క్లిఫర్డ్‌ను నేను మొదటిసారి చూసింది ఒక వేలంపాటలో. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నారిచ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పైతోలు కుట్టేదాన్ని. ఆ శనివారం కూరగాయల బజారు దాటేసరికి వాన అందుకుంది. తడవకుండా ఉంటే చాలని పక్కనే తలుపు తెరిచి ఉన్న హాల్లోకి దూరాను. లోపల ఎవరో చనిపోయిన ముసలాయన సామాను పాట పాడుతున్నారు. ఒక మూల బల్లమీద చుట్టల పెట్టె ఒకటి ఉంది. అందులో వంకర తిరిగిన బెల్టు బకిళ్లు, విరిగిన గుర్రపు రౌతు మడమ ముల్లు, సీసపు తూనికరాళ్లు, వాటి అడుగున బాదం గింజంత కంచు ముక్క. దాని వెనక చిన్న కొక్కెం, ముందువైపు ఏదో చెక్కడం. చేతిలోకి తీసుకుంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొలత తీసినట్టు కూర్చుంది. అదేమిటో నాకు తెలియదు. కావాలని మాత్రం తెలుసు.

నాకు పోటీగా ముందు వరసలో టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు పాడాడు. నా దగ్గర ఆ వారం జీతం మొత్తం ఉంది, వాడి దగ్గర అంత లేదు. సుత్తి పడ్డాక బయట మెట్ల మీద నన్ను ఆపాడు.

"ఆ పెట్టెలో ఏముందో తెలిసే కొన్నావా, పాత ఇనుమనుకుని కొన్నావా?"

"నీకు తెలిస్తే చెప్పు. తెలియకపోతే దారి వదులు, బస్సు పోతుంది."

వాడు పెద్దగా నవ్వాడు. పక్కనున్న టీ కొట్లోకి తీసుకెళ్లి, బల్లమీది కొవ్వొత్తిని సాసరులోకి వంచి కారిన మైనం మీద ఆ కంచు ముక్కను నొక్కాడు. తీసేసరికి ఉడత! వెనక్కాళ్ల మీద కూర్చుని గింజ కొరుకుతోంది. చుట్టూ అక్షరాలు. తలకిందులు చేసి, కళ్లు చిట్లించి చదివాడు.

"రోజర్ కూతురు మాబెల్ ముద్ర. ఏడువందల ఏళ్ల కిందటిదమ్మాయ్. ఆ కాలంలో ఆడదానికి సొంత ముద్ర ఉందంటే సొంత పొలం ఉన్నట్టు. కాగితం మీద సొంత మాట చెల్లినట్టు."

ఏడాది తిరక్కుండా మాకు పెళ్లయింది. 'మా అత్తవారింటి నుంచి వచ్చిన ఆస్తి మాబెల్ ఒక్కతే' అని క్లిఫ్ అందరితో చెప్పి నవ్వించేవాడు.

నలభై ఏళ్లు కలిసే పోగుచేశాం. స్వాఫమ్ శివార్లలో చిన్న ఇల్లు, దాన్నిండా చెక్క సొరుగులు. పెద్ద పెద్ద వస్తువుల జోలికి మేం పోలేదు, పోయే తాహతూ లేదు. మనుషులు ఒంటిమీద మోసినవి, జేబుల్లో వేసుకున్నవి మాకిష్టం. కుట్టుపని వేలితొడుగులు, చెవిలో గుబిలి తీసుకునే పుల్లలు, యాత్రలకెళ్లినవాళ్లు టోపీకి గుచ్చుకున్న సీసపు బిళ్లలు, ఎవరో పిల్లకు వదులైతే దారం చుట్టుకున్న ఉంగరం. మా ఇంట్లో ఒకటే కట్టుబాటు. కొనాలన్నా ఇద్దరం ఒప్పుకోవాలి, అమ్మాలన్నా ఇద్దరం ఒప్పుకోవాలి. మాబెల్ మాత్రం నాది. దాని సంగతి ఎత్తే అవసరమే ఎప్పుడూ రాలేదు.

ప్రతి క్రిస్మస్‌కీ కార్డుల కవర్లన్నీ దాంతోనే లక్క ముద్ర వేసి పంపేదాన్ని. క్రోమర్‌లో ఉండే మా చెల్లెలు ఐరిస్ లక్క పగలకుండా కవరు పక్క అంచు కత్తిరించి తెరిచేది, ఉడత చెడిపోతుందని. ఒక ఏడాది ఎర్ర లక్క దొరకలేదు. ఆకుపచ్చది వాడితే ఉడత తోక గాడిలో ఒక చుక్క ఇరుక్కుపోయింది. సూదితో గీరితే కంచుకు గీత పడుతుందని భయపడి అలాగే వదిలేశాను.

మా ఊరి హాల్లో నెలకోసారి డిటెక్టర్ క్లబ్బు కూడేది. పొలాల్లో లోహాన్ని పసిగట్టే యంత్రాలు పట్టుకు తిరిగి దొరికిన సామాను బల్లమీద పరిచి కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఎక్కువగా మగవాళ్లే. ఏటా ఒకసారి నేను లేచి మాబెల్ గురించి మాట్లాడేదాన్ని. వాళ్లు విన్నదే విని, మళ్లీ చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ క్లబ్బులో డెస్మండ్ అని క్లిఫ్‌కు ప్రాణ స్నేహితుడు. కట్టుడు పళ్లు చేసి రిటైరైనవాడు. అచ్చు తీయడం, పోత పోయడం వాడికి చేతిలో పని. దొరికిన వస్తువులకు నకళ్లు చేసి బడిపిల్లలకు పంచేవాడు.

మా నలభయ్యో పెళ్లిరోజున, ఐరిస్ కూడా ఉండగా, క్లిఫ్ నా ముందు చిన్న పెట్టె పెట్టాడు. తెరిస్తే బట్టకు గుచ్చుకునే బంగారు బ్రోచ్, మాబెల్ కాలం నాటిది. వేలి గోరంత చుట్టు, దానికి అడ్డంగా పిన్ను. చుట్టూ పాత ఫ్రెంచిలో 'ప్రియమైన నేస్తం బదులు నేనిక్కడ ఉన్నాను' అని చెక్కి ఉంది. కుర్చీలో కూర్చుండిపోయాను.

"ఎక్కడిది క్లిఫ్ ఇంత డబ్బు?"

"మోటార్‌సైకిలు అమ్మాగా పిల్లా. పింఛను ముందస్తుగా కొంత ఇచ్చారు. నోరు మూసుకుని పెట్టుకో."

మా నార్‌ఫక్ జిల్లా మొగుళ్లు డెబ్భై ఏళ్ల పెళ్లాన్ని కూడా పిల్లా అనే పిలుస్తారు. నేను ఏడ్చేశాను. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

రెండేళ్లు గడిచాయి. వసంతంలో నారిచ్‌లో పెద్ద వేలం పెట్టారు. నేను పెళ్లికి ముందు వెళ్లిన హాలు ఎప్పుడో పడగొట్టారు. ఇది వేరే చోట. ఉదయం వస్తువులు చూసుకోవచ్చు, మధ్యాహ్నం పాట. క్లిఫ్ కారు పెట్టడానికి వెళ్లాడు. నేను లోపలికెళ్లి అద్దాల బల్ల దగ్గర నిలబడి ముద్రల ట్రే అడిగాను. ఆ అమ్మాయి తీసి మెత్తటి గుడ్డ మీద పెట్టింది.

మూడో వరసలో ఉడత కనిపించింది.

నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబితే ఎవరైనా నవ్వుతారు. మాబెల్‌కు రెండు ముద్రలుండేవి కాబోలు, కవల దొరికిందని గంతేసినంత పనిచేశాను. అప్పుడే లోపలికొస్తున్న క్లిఫ్‌ను హాలంతా వినపడేలా కేకేశాను.

"క్లిఫ్! ఇలా రా! మాబెల్‌కు అక్కచెల్లెలు!"

క్లిఫ్ వచ్చి చూశాడు. మొహం పిండిలా తెల్లబోయింది.

"నకలై ఉంటుంది. ఇలాంటివి బోలెడు. పద, బయట సాసేజ్ రోల్స్ వేడిగా ఉన్నాయి, అయిపోతాయి."

"నకలేంటి? బరువు చూడు."

"పద అంటున్నానా."

పెళ్లయినప్పటి నుంచి క్లిఫ్ ఒక ట్రే ముందు నుంచి నన్ను తొందరపెట్టి లాక్కెళ్లింది లేదు. నేనే ఎప్పుడూ తొందరపెట్టేదాన్ని. చేతిలోని ముద్రను కిటికీ వెలుతురుకు తిప్పాను. ఉడత తోక గాడిలో, లోలోపల, ఆవగింజలో సగమంత ఆకుపచ్చ చుక్క.

ఇంట్లో సొరుగులో ఉన్న ముద్రలో ఆ ఆకుపచ్చ కనపడటం మానేసి చాలా రోజులైంది. రాలిపోయింది కాబోలు, పీడా పోయిందనుకున్నాను. దాంతోనే రెండు క్రిస్మస్‌లు ముద్రలు వేశాను. దాన్నే అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు క్లబ్బులో మాట్లాడాను.

"ఇది నాది," అన్నాను.

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం ఏవిస్. దయచేసి." క్లిఫ్ గొంతు తగ్గించాడు. "దయచేసి."

నేను సాసేజ్ రోల్ తినలేదు, ఇంటికీ వెళ్లలేదు. హాల్లో మధ్య వరసలో కూర్చున్నాను. క్లిఫ్ నా పక్కన కూర్చుని మోకాలు ఊపుతూనే ఉన్నాడు. క్లబ్బువాళ్లు నలుగురైదుగురు వెనక వరసలో ఉన్నారు, డెస్మండ్ కూడా. పాట పాడించేది మిసెస్ లవెల్ అనే ఆవిడ, మర్యాదస్తురాలు. నా ముద్ర వంతు వచ్చింది. ఆవిడ దాని పేరు చదివి మొదటి పాట అడగబోతుంటే లేచి నిలబడ్డాను.

"ఆగండమ్మా. ఆ వస్తువు నాది. నేను అమ్మలేదు, అమ్మమని ఎవరికీ చెప్పలేదు."

మిసెస్ లవెల్ సుత్తి కింద పెట్టింది. "ఇది చాలా పెద్ద మాట మేడమ్. ఖచ్చితంగానే అంటున్నారా?"

గోడవార నిలబడ్డ సెడ్రిక్ పైక్ అనే వర్తకుడు గట్టిగా అన్నాడు. "అమ్మకానికి పెట్టింది నేను. కొన్నది ఎవరి దగ్గరో కూడా చెబుతా. ఆవిడ పక్కన కూర్చున్నాడే, ఆయన దగ్గరే. అడగండి."

అందరి కళ్లూ క్లిఫ్ మీద పడ్డాయి. నేనూ చూశాను. ఆ క్షణంలో నాకు కోపం కూడా రాలేదంటే నమ్మండి. తప్పు చేశాడు, దొరికిపోయాడు, ఇప్పుడు తలొంచుకుని అవునంటాడు, తర్వాత ఇంట్లో నా చేత నాలుగు తిట్లు తింటాడు. ఇంతే అనుకున్నాను.

క్లిఫ్ లేచాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు, ఎంతో మెల్లగా.

"క్షమించాలి మిసెస్ లవెల్. మేమిద్దరం కలిసి అనుకునే అమ్మాం దీన్ని. ఈమధ్య మా ఆవిడకు... కాస్త మతిమరుపు. నేను చూసుకుంటాను." నా వైపు తిరిగి పసిపాపతో అన్నట్టు అన్నాడు. "గుర్తులేదా పిల్లా? వంటింట్లో కూర్చుని మాట్లాడుకున్నాం కదా."

వెనక్కి తిరిగి డెస్మండ్ వంక చూశాను. డెస్మండ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. మిగతావాళ్లు తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. హాలంతా అయ్యో అన్న గాలి వీచినట్టైంది. ముందు వరసలో ఒకావిడ వెనక్కి వంగి నా చెయ్యి నిమిరింది. "మా అమ్మక్కూడా ఇలాగే మొదలైందమ్మా," అంది. ఎవరో గ్లాసుతో మంచినీళ్లు తెచ్చారు. నేను కూర్చున్నాను. ఆ నీళ్లు తాగాను. నేను తాగుతుండగానే పాట సాగింది. ఫోను మీద ఎవరో పాడుకున్నారు. సుత్తి పడింది.

కారు సగం దారిలో డెరమ్ ఊరు దాటింది.

"చెప్పు," అన్నాను.

"ఏం చెప్పను? అంతమందిలో నన్ను దొంగను చేశావు."

"నన్ను పిచ్చిదాన్ని చేశావు."

"మరేం చెయ్యమంటావు? పైక్ గాడు పోలీసులంటాడు, పేపర్లో పడుతుంది. నలభై ఏళ్లుగా నన్ను ఎరిగిన ఊరు ఇది." రోడ్డు వైపే చూస్తూ నడుపుతున్నాడు. "ఆ బ్రోచ్ నీకోసమే కదా కొన్నాను? నా కోసం కొనుక్కున్నానా? అలాంటిది మళ్లీ మన జన్మలో రాదు. డబ్బు చాలలేదు. పైక్ మాబెల్‌ను చాలాకాలంగా అడుగుతున్నాడు."

"నన్ను అడిగి ఉండాల్సింది."

"అడిగితే వద్దనేదానివి."

"అవును, వద్దనేదాన్ని."

ఇక ఉండబట్టలేనట్టు అన్నాడు. "అయినా రెండేళ్లు నీకు తెలియలేదు ఏవిస్. డెస్మండ్ చేసిన పోతతోనే కార్డులకు ముద్రలు వేశావు, దాన్నే ముద్దు చేశావు, దానిమీదే ఉపన్యాసం ఇచ్చావు. ఏం తక్కువైంది నీకు? చెప్పు, ఏం తక్కువైంది?"

ఆ మాటకంటే ఎక్కువ కాలింది ఇంకొకటి. పోత పోసింది డెస్మండ్ అయితే, నేను క్లబ్బులో ఆ నకలు ఎత్తిపట్టుకుని 'మాబెల్ వేళ్లు తాకిన చోటే నా వేళ్లు ఉన్నాయి' అంటుంటే వాడు మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడన్నమాట.

మర్నాడు పొద్దున సొరుగులన్నీ లాగి వంటింటి బల్లమీద పరిచాను. ప్రతిదాన్నీ భూతద్దం కింద పెట్టాను. ఈ వేలితొడుగు అసలుదేనా? ఈ సీసపు బిళ్ల బరువు ఇంతేనా? 'ఒట్టు, మాబెల్ ఒక్కటే, మిగతావేవీ ముట్టలేదు' అంటూ క్లిఫ్ గుమ్మంలో నిలబడ్డాడు. నిజమే చెప్పి ఉండొచ్చు. కానీ ఏ వస్తువును ముట్టుకున్నా నాకు ఏమీ అనిపించలేదు. పళ్లెం నిండా పాత కంచు, సీసం, అంతే.

తర్వాతి వారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. హాల్లో జరిగిన సంగతి మాకంటే ముందే ఊరు చేరింది. పక్కింటి మెరీల్ గొర్రెమాంసం, బంగాళాదుంపలు వేసి ఓవెన్లో చేసే వంటకం తెచ్చిచ్చింది. చెవిటిదానితో మాట్లాడినట్టు ఒక్కో మాటా గట్టిగా ఒత్తి పలికింది. "ఓవెన్... ఆపడం... మర్చిపోకేం!" రొట్టెల కొట్టు అమ్మాయి చిల్లర నా చేతిలో పెట్టకుండా క్లిఫ్ చేతిలో పెట్టింది. ఈ ఏడు మాబెల్ మీద మాట్లాడే శ్రమ నాకొద్దని, విశ్రాంతి తీసుకోమని క్లబ్బు కార్యదర్శి ఫోన్ చేశాడు. అంతా దయే. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు.

క్లిఫ్ ఎవరినీ సరిదిద్దలేదు. మొదట్లో సిగ్గుపడ్డట్టే కనిపించాడు. తర్వాత అలవాటైపోయింది. కొట్లో నేను ఏదైనా వెతుక్కుంటుంటే జనం ముందు నా మోచెయ్యి పట్టుకునేవాడు. ఒకరోజు ఇంట్లో, ఎవరూ లేనప్పుడు కూడా అన్నాడు. "కెటిల్ పెట్టావా పిల్లా? గుర్తుందా?"

ఆ మాటకు నేను భయపడ్డాను. ఎందుకంటే పెట్టానో లేదో నాకు నిజంగానే గుర్తులేదు. వెళ్లి చూస్తే పెట్టే ఉంది. ఆ రోజంతా ఒకటే ఆలోచన. వంటింట్లో కూర్చుని మాట్లాడుకున్నామేమో? నేనే సరేనన్నానేమో? ఎంత తవ్వుకున్నా అలాంటి రోజేదీ గుర్తుకు రాలేదు. గుర్తుకు రాకపోవడమే కదా ఆ జబ్బు! క్లిఫ్‌తో చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆ చిన్న వయసు డాక్టరమ్మ ఓపిగ్గా గడియారం బొమ్మ గీయించింది, ఒక చిరునామా చెప్పి తర్వాత మళ్లీ చెప్పించింది, వెనక నుంచి అంకెలు లెక్కపెట్టించింది.

"మీ జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు మిసెస్ తడ్డెన్‌హమ్. మీకు అనుమానం ఎందుకొచ్చింది?"

"మా ఆయన చెప్పారు," అన్నాను. ఆమె కలం కింద పెట్టి నా వంక చాలాసేపు చూసింది.

అక్కణ్నుంచి ఇంటికి వెళ్లలేదు, తిన్నగా డెస్మండ్ ఇంటికి వెళ్లాను. పెరట్లో షెడ్డులో ఉన్నాడు. ప్లాస్టరు దుమ్ములో, బల్లమీద కట్టుడు పళ్ల పాత అచ్చులు వరసగా ఇకిలించుకుని ఉన్నాయి. నన్ను చూడగానే స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

"మాబెల్‌కు అచ్చు తీయమని క్లిఫ్ నీ దగ్గరికి తెచ్చినప్పుడు ఏమన్నాడు?"

నీళ్లు నమిలాడు. "ఏవిస్, అదీ..."

"ఏమన్నాడు డెస్మండ్?"

"నీకు చెప్పొద్దన్నాడు. నీకు తెలియకుండా ఉండాలి, తేడా కనిపెట్టలేనట్టు పోత పొయ్యమన్నాడు. ఏదో పెళ్లిరోజు సంబరమనుకున్నా. అసలుది అమ్మాడని పైక్ నోటి నుంచి విన్నాక..."

"వినీ చప్పట్లు కొట్టావు."

"చప్పట్లు కొట్టకపోతే నువ్వు ఎందుకని అడిగేదానివి కదా!"

"హాల్లో నేను నీ వంక చూశాను. చూశానని నీకు తెలుసు."

డెస్మండ్ కళ్లు తడయ్యాయి. "నాకు పెళ్లాం పోయినప్పుడు వాడు ఆర్నెల్లు రోజూ నా ఇంటికొచ్చి కూర్చున్నాడమ్మా. వాణ్ని అంతమందిలో ఎలా..."

"అయితే అంతమందిలో నన్ను పిచ్చిదాన్ని చేసినా పర్లేదు."

గురువారం క్లబ్బుకు వస్తున్నానని చెప్పి వచ్చేశాను.

గురువారం నేను వెళ్లేసరికి టీ పోస్తున్నారు. క్లిఫ్ అప్పటికే అక్కడున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ లాగాడు. "నువ్వెందుకొచ్చావు పిల్లా ఈ చలిలో?" నేను ఆ కుర్చీ దాటి ముందుకు వెళ్లాను. జేబులోంచి నకలు తీసి పైకెత్తాను.

"ప్రతి ఏడూ మీకు దీని గురించి చెబుతాను. ఈసారి వద్దన్నారు. అయినా కాస్త వినండి, ఎక్కువసేపు పట్టదు. దీన్ని మాబెల్ ఎప్పుడూ తాకలేదు. ఇది డెస్మండ్ షెడ్డులో పుట్టింది. అసలుది అమ్మారు. అమ్మడానికి నేను ఒప్పుకున్నానని, ఒప్పుకుని మర్చిపోయానని మా ఆయన మీలో కొందరి ముందే చెప్పాడు. డెస్మండ్ అక్కడున్నాడు. నాకు తెలుసో లేదో ఆయన్నే అడగండి."

ఎవరి కప్పులో చెంచా వాళ్లు తిప్పుకుంటున్నారు. క్లిఫ్ అప్పుడు కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. "చూశారుగా, ఇదీ వరస. ఇంటికి తీసుకెళ్తాను. డెస్, కాస్త ఆ కోటు అందుకో."

డెస్మండ్ కోటు అందుకోలేదు. లేచి నిలబడి, గోడకు చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆవిడకు తెలియదు. చెప్పొద్దని క్లిఫ్ నాతో అన్నాడు. ఆవిడ మతికి ఏమీ కాలేదు. మనందరికీ తెలుసది."

'మనందరికీ' అన్న మాట దగ్గర నలుగురు తలలు దించుకున్నారు. ఎవరెవరు దించుకున్నారో నేను చూసి పెట్టుకున్నాను. క్లిఫ్ తన కోటు తానే తీసుకుని వెళ్లిపోయాడు. కారు వెళ్లిన చప్పుడు వినిపించింది. నన్ను దింపుతామని ముగ్గురు ఒకేసారి లేచారు. వద్దని నడిచి వచ్చాను.

మిసెస్ లవెల్‌కు ఫోన్ చేస్తే ఆవిడ నిజంగానే బాధపడింది. కొన్నవాళ్లు డబ్బు కట్టి వస్తువు పట్టుకెళ్లిపోయారట, దేశం కూడా దాటిందట. "మీ భర్త దొంగిలించారని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, నేను వెనక్కి రప్పించే ప్రయత్నం చేస్తాను," అంది. ఆలోచించుకుంటానన్నాను. ఆలోచించాను కూడా. కోర్టులో నిలబడితే అవతలి లాయరు మొట్టమొదట అడిగే ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మీకు మతిమరుపు ఉందట కదమ్మా? క్లిఫ్ అలా అనగా విన్న మనుషులు హాలు నిండా ఉన్నారు. ఆ ప్రశ్నకు నేను మళ్లీ జవాబు చెప్పలేను. మాబెల్‌ను వదులుకున్నాను.

బ్రోచ్ మాత్రం వాడికి వదల్లేదు. అది నాకు బహుమానంగా ఇచ్చాడు, ఐరిస్ ఎదురుగానే ఇచ్చాడు. దాన్ని వేలానికి పెట్టాను. నేను వెళ్లలేదు, పాట ఎలా సాగిందో చూడాలని కూడా అనిపించలేదు. ఆ డబ్బుతో క్రోమర్‌లో ఐరిస్ ఇంటికి రెండు వీధులవతల చేపల కొట్టు మీద రెండు గదులు తీసుకున్నాను. సొరుగుల్లోంచి ఒక్క వస్తువు కూడా తెచ్చుకోలేదు. అన్నీ క్లిఫ్‌కే ఉంచేశాను. ఏవి అసలువో వాడికే తెలుసు.

వేసవిలో ఒక ఆదివారం వచ్చాడు. చిక్కిపోయాడు, చొక్కాకు ఇస్త్రీ లేదు. ఇంటికొచ్చిన మనిషికి తిండి పెట్టకుండా పంపడం మా అమ్మ నేర్పలేదు. పీత ఉడికించి, రొట్టె, వెన్న పెట్టాను. తిన్నాడు.

"ఇల్లు బోసిపోయింది ఏవిస్."

"ఉంటుంది."

"ఒక్క ముద్ర అమ్మినందుకు నలభై ఏళ్లు తీసి పారేస్తావా?"

"అమ్మినందుకు కాదు క్లిఫ్. అమ్మినందుకైతే ఒక నెల మాట్లాడటం మానేసి, తర్వాత ఊరుకునేదాన్ని."

"మరి?"

"ఆ హాల్లో నా భుజం మీద చెయ్యి వేశావు చూడు, ఎంత మెత్తగా వేశావో! అంత ప్రేమగా నువ్వు నన్ను ముట్టుకుని చాలా ఏళ్లైంది. దానికి."

పళ్లెంలో పీత డిప్పలు అటూ ఇటూ జరిపాడు. "భయపడ్డాను," అన్నాడు చివరికి.

"తెలుసు."

బస్సు వేళకు లేచాడు. మెట్ల కిందిదాకా వెళ్లి సాగనంపాను. మళ్లీ రమ్మనలేదు. వాడూ అడగలేదు.

ఇక్కడ నాకు బాగానే ఉంది. ఐరిస్, నేను పొద్దున్నే సముద్రపు ఒడ్డున నడుస్తాం. ఇక్కడివాళ్లకు నా సంగతులేవీ తెలియవు. చిల్లర నా చేతిలోనే పెడతారు. ఒక్కటే అవస్థ. బయటికి వెళ్లేటప్పుడు తలుపుకు తాళం వేస్తాను. వేసిన చప్పుడు వింటాను. వీధి మొగ వరకు వెళ్తాను. అక్కడ ఆగిపోతాను. వేశానని తెలుసు, చెవిలో ఆ చప్పుడు ఇంకా ఉంది. ఐరిస్ ఒడ్డున ఎదురుచూస్తుంటుంది. అయినా వెనక్కి వెళ్లి, మెట్లెక్కి, తాళం లాగి చూసుకుంటాను.

ఒక్కరోజు కూడా తెరిచి లేదు.